ఢిల్లీలో ఆ ఒక్క నిమిషం

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ప్రయాణం గురించి రాయడానికి ఏమీ లేదు. నాంపల్లిలో పొద్దున్నే ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దింపుతుంది. 2017 అక్టోబర్‌లో అంత దూరం వెళ్లింది ఒక్క మ్యాచ్ కోసం. అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో 9వ తేదీ రాత్రి 8 గంటలకు ఇండియా, కొలంబియాల ఆట. కుతుబ్ మినార్, ఎర్రకోట ఎక్కడికీ పారిపోవు. మన జట్టు ప్రపంచకప్ ఆడడం మాత్రం అదే మొదటిసారి.

స్టేషన్ బయట ఆటోవాళ్లు చెప్పే రేట్లు వినడం దండగ. మెట్రోలో పసుపు లైన్ పట్టుకుని సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగి వయొలెట్ లైన్‌కి మారాలి. ఖాన్ మార్కెట్ దాటితే జేఎల్ఎన్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియమే. స్మార్ట్ కార్డు తప్పనిసరిగా కొనుక్కోవాలి. పది శాతం తగ్గింపు సంగతి అటుంచితే, మ్యాచ్ అయ్యాక టికెట్ల వరసలో నిలబడితే అర్ధరాత్రి అవుతుంది. ఆ మ్యాచ్ మర్నాటి నుంచే ఛార్జీలు పెరిగాయి. 5 నుంచి 12 కిలోమీటర్ల దూరానికి 20 రూపాయలు ఉన్నది 30 అయింది. రోజూ ఆఫీసుకి పోయి వచ్చేవాడికి అది చిన్న దెబ్బ కాదు.

జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఫుట్‌బాల్ చూసేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్ ఉండడంతో సీట్లు బాగా దూరం. కింది వరసల్లో కూర్చుంటే అవతలి సగంలో ఎవరు ఎక్కడున్నారో తెలియదు. పై వరసలే మేలు. అక్కడినుంచి మొహాలు కనపడవు గానీ జట్టు ఏ ఆకారంలో నిలబడిందో అరచేతిలో గీసినట్టు కనిపిస్తుంది. కుర్రాళ్ల జట్టును చూడాల్సింది అలాగే.

ఇండియా మ్యాచ్‌కి ముందు 5 గంటలకు అదే గ్రౌండ్‌లో అమెరికా, ఘనా ఆడాయి. చాలామంది ఆ ఆట పట్టించుకోలేదు, సీట్లు ఇంకా నిండలేదు. రెండో సగంలో బాగా ఆలస్యంగా అమెరికా ఒక గోల్ వేసి అక్కడితో తలుపు మూసేసింది. మిగిలిన సమయమంతా పాస్‌లు పొట్టివి, త్రో-ఇన్‌లు నిదానం, సెంటర్ లైన్ దగ్గర చిన్న ఫౌల్స్. ఆ వయసు పిల్లల్లో అంత నింపాది చూస్తే ముచ్చటేసింది. మనవాళ్లకు పాఠం కావలసిన ఆట మూడు గంటల ముందే కళ్లెదుట జరిగింది.

ఇక మన మ్యాచ్. మొదటి సగంలో ఆడింది మనవాళ్లే అన్నా తప్పు లేదు. అభిజిత్ సర్కార్‌కు మంచి అవకాశం దక్కింది, రాహుల్ కన్నోలీ కొట్టింది పోస్టుకు తగిలింది. గోల్‌లో ధీరజ్ సింగ్ కొండలా నిలబడ్డాడు. 49వ నిమిషంలో హువాన్ పెనాలోసా గోల్ చేసినా కుర్రాళ్లు తల వంచలేదు. 82వ నిమిషంలో సంజీవ్ స్టాలిన్ కార్నర్ వేశాడు. జాక్సన్ సింగ్ పొడగరి, ఒక్క ఎగురు ఎగిరి తలతో కొట్టాడు. 1-1. ఫిఫా ప్రపంచకప్‌లలో ఇండియాకు అదే మొదటి గోల్. స్టేడియం ఊగిపోయింది.

నా పక్క సీటులో మణిపుర్ నుంచి ఢిల్లీకి చదువుకోవడానికి వచ్చిన అబ్బాయి ఒకడు ఉన్నాడు. కాలేజీ జట్టులో మిడ్‌ఫీల్డ్ ఆడతాడట. మన ఇండియా జట్టులోని 21 మందిలో ఎనిమిది మంది మణిపుర్‌వాళ్లే కాబట్టి అతనికి ఆ రాత్రి సొంతింటి పెళ్లి లాంటిది. అందరం సీట్ల మీదికెక్కి అరుస్తుంటే అతను మాత్రం రెండు చేతులూ వెనక్కి ఊపుతూ "పీఛే ఆవో, పీఛే!" అని కేకలేస్తున్నాడు. నాకు అర్థం కాలేదు. "దేఖో భయ్యా" అని కింద మైదానం వైపు వేలు చూపించాడు. చూశాను. మన కుర్రాళ్లు సంబరం నుంచి ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. సెంటర్ బ్యాక్‌ల (గోల్‌కు ముందు మధ్యలో నిలబడే డిఫెండర్ల) ముందు మనవాళ్లు ఉండాల్సిన చోటు ఖాళీ. కొలంబియావాళ్లు అప్పటికే బంతిని మధ్యలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

83వ నిమిషం. పెనాలోసా మళ్లీ కొట్టాడు. 1-2.

దీన్ని దురదృష్టం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. గోల్ వేసిన వెంటనే గోల్ తినడం ఫుట్‌బాల్‌లో తెలిసిన జబ్బు, దానికి తెలిసిన మందు కూడా ఉంది. కిక్‌ఆఫ్ కొట్టేవాడు తప్ప అందరూ తమ సగంలోకి వస్తేనే రిఫరీ ఆట మొదలుపెట్టాలి, నియమం అది. అంటే ఆ కొన్ని సెకన్లు గోల్ వేసిన జట్టు చేతిలో ఉంటాయి. కెప్టెన్ అందరినీ ఒకచోటికి పిలిచి, ఎవరు ఎక్కడ నిలబడాలో వేలితో చూపించాకే నడవాలి. ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు సెంటర్ బ్యాక్‌లను వదలకూడదు. బంతికి అవతల వైపున్న ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) లోపలికి జరగాలి. రెండు మూడు నిమిషాల పాటు బంతి వెనక ఎవరూ పరిగెత్తకూడదు. దొరికిన మొదటి బంతిని సైడ్ లైన్ బయటికి తన్నేయాలి. దాటిపోతున్నవాణ్ని మధ్యలోనే ఆపి ఎల్లో కార్డు తీసుకున్నా నష్టం లేదు.

ఇవేవీ క్యాంపులో బోర్డు మీద గీస్తే రావు. వారం వారం పాయింట్ల కోసం ఆడే లీగ్‌లో, ఒక ఆదివారం ఇలాగే ఓడి, ఆ మంట వారమంతా మోసినవాడికే వస్తాయి. మన పిల్లలకు విదేశీ టూర్లు బోలెడు తిప్పారు. కానీ టూర్లో ఆడేవి స్నేహపూర్వక మ్యాచ్‌లు. 83వ నిమిషంలో గోల్ తిన్నా మర్నాడు ఇంకో ఊరు, ఇంకో ఆట. ఆ ఏడాది మే నెలలో ఇటలీని 2-0తో ఓడించామని దేశమంతా పండగ చేసుకుంది. తీరా చూస్తే అది వాళ్ల జాతీయ జట్టు కాదు, కింది డివిజన్ల కుర్రాళ్ల జట్టు. పైగా కోచ్ నికొలాయ్ ఆడమ్‌ను పంపేసి, లూయిస్ నోర్టన్ డి మాటోస్‌కు పగ్గాలిచ్చేసరికి ప్రపంచకప్‌కు ఏడెనిమిది నెలలే మిగిలాయి.

ప్రతిభ లేదనుకుంటే ఇంత బాధ ఉండేది కాదు. ఈ జట్టులోని కోమల్ థాటల్ అంతకు ముందు ఏడాది గోవాలో బ్రెజిల్ మీద గోల్ వేసినవాడు. మా గ్రూపులో ఘనా, కొలంబియా, అమెరికా మూడింటికీ ఆరేసి పాయింట్లు వచ్చాయి. మనకు సున్నా. 12న ఘనాతో 0-4, అందులో చివరి రెండు గోల్స్ 86, 87 నిమిషాల్లో. ఒక గోల్ పడ్డాక వెంటనే సర్దుకోలేకపోవడం, మళ్లీ అదే జబ్బు.

కొలంబియా మ్యాచ్ మర్నాడు వయొలెట్ లైన్‌లోనే ఢిల్లీ గేట్ దాకా వెళ్లి అంబేద్కర్ స్టేడియం బయట కాసేపు నిలబడ్డాను. డ్యూరాండ్ కప్పు ఫుట్‌బాల్ టోర్నీ ఢిల్లీలో జరిగే రోజుల్లో మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దాన్ని నాలుగుసార్లు ఎత్తుకెళ్లింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానంలో నిలిపి, 1962 ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చినాయన. హైదరాబాద్‌లో ఆయన డ్రిబ్లింగ్ (బంతిని కాళ్ల దగ్గరే ఆడిస్తూ ముందుకెళ్లడం) చేయకూడదనే షరతుతో టోర్నమెంట్లు పెట్టించేవారు, బలహీనమైన కాలితోనే ఆడే టోర్నమెంట్లు కూడా. ఏ లోపం ఉంటే దానికి తగిన పోటీ. గోల్ వేశాక పది నిమిషాలు కాపాడుకోవడమే గెలుపుగా లెక్కేసే పోటీ ఒకటి ఈ పిల్లలకు ఎవరైనా పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆ తర్వాతి బ్యాచ్‌లూ మనసు కష్టపెట్టాయి. 2018లో మలేసియాలో అండర్-16 కుర్రాళ్లు ఆసియా టోర్నీలో నాలుగు మ్యాచ్‌లాడి తిన్నది ఒక్క గోలే, వేసిందీ ఒక్క గోలే. క్వార్టర్స్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-1. గెలిచి ఉంటే ప్రపంచకప్ బెర్త్. 2023లో థాయిలాండ్‌లో అండర్-17 జట్టు జపాన్ మీద నాలుగు గోల్స్ వేసి ఎనిమిది ఇచ్చింది. ఒక బ్యాచ్‌కు కాపాడడం వచ్చు, ఇంకో బ్యాచ్‌కు కొట్టడం వచ్చు.

2025 నవంబర్ చివర్లో అహ్మదాబాద్‌లో అండర్-17 జట్టు ఇరాన్ మీద వెనకబడి, తర్వాత 2-1తో ముందుకెళ్లింది. రెండో గోల్ పడగానే నేను చూసింది సంబరాన్ని కాదు, కిక్‌ఆఫ్‌కు ముందు సెంటర్ బ్యాక్‌ల ఎదుట ఎవరు నిలబడ్డారా అని. ఆ 2-1 చివరిదాకా అలాగే ఉంది.