ప్లేట్‌లెట్ల బ్యాగుకు ఐసు పెట్టె వద్దు

ఈశాన్య రుతుపవనాల వానలు పడి డెంగీ జ్వరాలు ముదిరినప్పుడల్లా, కావలి నుంచీ ఉదయగిరి నుంచీ రోగుల బంధువులు ప్లేట్‌లెట్ల కోసం నెల్లూరు బ్లడ్ బ్యాంకులకు వస్తుంటారు. వారిలో కొందరు ఐసుముక్కలు నింపిన థర్మాకోల్ పెట్టె కూడా వెంట తెచ్చుకుంటారు. రక్తాన్ని చల్లగా ఉంచాలని అందరూ విన్నదే కాబట్టి వారిని తప్పుపట్టలేము. కానీ ఆ నియమం ఎర్రకణాలకు చెందినది. ఎర్రకణాలు 2 నుంచి 6 డిగ్రీల చలిలో, కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లను మాత్రం 20 నుంచి 24 డిగ్రీల మధ్య, అజిటేటర్ అనే ఊపే యంత్రం మీద నిరంతరం మెల్లగా కదిలిస్తూ, మన దేశంలో 5 రోజులే ఉంచుతారు.

చలిలో ఉంచిన ప్లేట్‌లెట్లు రోగి రక్తంలో ఎక్కువసేపు తిరగలేవని మర్ఫీ, గార్డ్‌నర్ అనే పరిశోధకులు 1969లోనే చూపించారు. చలికి వాటి పైపొరలోని కొన్ని ప్రోటీన్లు గుంపుకట్టి, ఆ ప్రోటీన్ల మీది చక్కెర గొలుసుల చివరనుండే సియాలిక్ ఆమ్లం రాలిపోతుంది; అలా మారిన కణాలను కాలేయం గుర్తుపట్టి రక్తంలోంచి తొలగిస్తుంది. అయితే రక్తం గడ్డకట్టించే శక్తి వాటిలో మిగిలే ఉంటుంది కనుక, రక్తస్రావం ఆగని రోగుల కోసం, మామూలు ప్లేట్‌లెట్లు అందుబాటులో లేనప్పుడు, చల్లని ప్లేట్‌లెట్లను 14 రోజుల వరకు వాడుకోవడానికి అమెరికా 2023లో అనుమతించింది. డెంగీ వార్డులోని అవసరం వేరు; అక్కడ కణాలు రక్తంలో ఎక్కువసేపు తిరగాలి.

బ్యాగులోనూ ప్లేట్‌లెట్లు బతికే ఉంటాయి. అవి గ్లూకోజును వాడుకుని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి; ప్లాస్మాలోని బైకార్బనేట్ ఆ ఆమ్లాన్ని విరుస్తుంది, అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ బ్యాగు గోడగుండా బయటికి పోతుంది, ఆక్సిజన్ అదే దారిన లోపలికి వస్తుంది. ఆ ప్లాస్టిక్‌ను ఇందుకోసమే వాయువులు ఇటూ అటూ పోయేలా తయారుచేస్తారు. కదలిక చాలాసేపు ఆగితే కణాలకు ఆక్సిజన్ సరిగా అందక ఆమ్లం త్వరగా పేరుకుంటుంది, ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత 6.2 కంటే దిగజారితే వాటికి కోలుకోలేని దెబ్బ తగులుతుంది.

ఈ మార్పును కంటితోనే కొంత పసిగట్టవచ్చు. మంచి బ్యాగును ట్యూబులైటు ఎదుట పట్టుకుని నెమ్మదిగా తిప్పితే, బిళ్లల ఆకారంలోని కణాలు వెలుగును చెదరగొట్టి, వెంకటగిరి చీర జరీ కదిలినట్టు లోపల తళుకు తిరుగుతుంది. కణాలు గుండ్రంగా మారిపోయిన బ్యాగులో ఆ తళుకు ఉండదు, మసకగా ఊరికే నిలిచి ఉంటుంది. ఇది నాకు ఎప్పుడు చూసినా విసుగు పుట్టని పరీక్ష.

కంటికి కనిపించని మార్పులూ ఉన్నాయి. కణాలు లోపలి రేణువుల్లోని పదార్థాలను కొద్దికొద్దిగా బయటికి వదులుతాయి, పి-సెలెక్టిన్ అనే ప్రోటీన్ వాటి పైకి వస్తుంది, మిగిలిపోయిన తెల్లకణాల నుంచి సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లు చేరతాయి. ఎక్కించేటప్పుడు కొందరికి చలిజ్వరం రావడానికి ఇవి ఒక కారణం.

5 రోజుల గడువుకు మాత్రం ప్రధాన కారణం బాక్టీరియా. గది వేడిమిలో అది సులువుగా పెరుగుతుంది. అమెరికాలో 1984లో గడువును 7 రోజులకు పెంచి, ఈ భయంతోనే 1986లో మళ్లీ 5కు తగ్గించారు.

నాలుగో రోజు బ్యాగు ఇచ్చారని కొందరు బంధువులు ఆందోళన పడతారు. గడువులో ఉండి, సరిగా నిల్వచేసిన బ్యాగును వద్దనవలసిన పని లేదు, ఎందుకంటే నిల్వలో మందగించిన కణాలు శరీరంలోకి చేరాక కొంతమేరకు కోలుకుంటాయి. తీసుకున్న బ్యాగును ఐసుకూ ఎండకూ దూరంగా ఉంచి, దారిలో ఎక్కడా ఆగకుండా వార్డుకు చేర్చి, వెంటనే నర్సు చేతికి ఇవ్వండి; వార్డు ఫ్రిజ్‌లో పెట్టబోతే వద్దని చెప్పండి.