ఫారం పాండ్ నిచ్చెనకు పేటెంట్: 3(ఎఫ్) గండం గట్టెక్కిన నా అనుభవం

మొత్తానికి పేటెంట్ చేతికొచ్చింది. మా పలమనేరు వైపు టమాటా, మామిడి తోటల్లో ప్లాస్టిక్ షీటు పరిచిన ఫారం పాండ్లు, అంటే నీళ్లు నిలవచేసే గుంటలు ఉన్నాయి. షీటుకు పాచి పట్టిందంటే ఈత వచ్చినవాడు కూడా గట్టెక్కలేడు. కాలు జారుతుంది, పట్టుకునేందుకు ఏమీ దొరకదు. దానికోసం చేసిందే ఈ నిచ్చెన.

12 ఎం.ఎం. నైలాన్ తాళ్లు రెండు, అడుగుకో పీవీసీ పైపు మెట్టు. పైకొసను గట్టుకు మూడడుగుల వెనక దిగ్గొట్టిన జీఐ పైపుకు కట్టాలి, కింది కొసకు ఇసుక మూట. మూటకు పాత ట్యూబు చుట్టకపోతే షీటు ఒరుసుకుని చిరుగుతుంది. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. చిక్కేమిటంటే తాడు నిచ్చెన షీటుకు అతుక్కుని పడుంటుంది, మునిగేవాడి వేళ్లు మెట్టు కిందికి దూరవు. అందుకే మెట్ల కింద నడిమధ్యన ఇంకో తాడు, దాని మీద కడియంతో జారే 5 లీటర్ల ఖాళీ క్యాన్లు రెండు. నీళ్లు ఎంత దిగితే క్యాన్లు అంత దిగి, అక్కడి మెట్లను షీటు మీంచి లేపి పట్టుకుంటాయి. ఈ తాడుకు ముడి ఉండకూడదు, ఉంటే కడియం అక్కడే ఆగిపోతుంది. రెండు క్యాన్లూ పూర్తిగా మునిగితే సుమారు 10 కిలోల బలంతో పైకి నెడతాయి. 20 కిలోల ఇసుక నీళ్లలో దాదాపు 12 కిలోలే తూగుతుంది కాబట్టి మూటలో 25 కిలోలు పోయాలి.

దరఖాస్తు పెద్ద పనేమీ కాదు. డిజిటల్ సిగ్నేచర్‌తో ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తికి ఫీజు 1600 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై గిండీ ఆఫీసు కిందికొస్తుంది, అక్కడిదాకా పోనక్కర్లేదు. ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేసిన 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ పత్రం), తర్వాత పరీక్ష చేయమని కోరే ఫారం 18కి 4000.

అసలు గండం పేటెంట్ ఆఫీసు పంపిన పరీక్ష రిపోర్టుతో వచ్చింది. తాడు నిచ్చెన తెలిసిందే, తేలే డబ్బా తెలిసిందే, ఎవరి పని వాళ్లు చేసుకునే పాత వస్తువులను పక్కపక్కన పేర్చితే పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) ప్రకారం ఆవిష్కరణ కాదు అన్నారు. ఒళ్లు మండింది. కానీ క్లెయిములు (దేనిమీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాలు) తీసి చూస్తే ఆఫీసరును అనడానికి లేదు. తిరుపతిలో ఫీజు పుచ్చుకున్న కన్సల్టెంటు రాసిన మొదటి క్లెయిమ్ అంగడి చీటీలా ఉంది: ఒక నిచ్చెన, ఒక డబ్బా, ఒక మూట. ఏది దేన్ని ఎత్తుతుందో ఒక్క ముక్క లేదు. అడిగితే, "నిచ్చెనకు పేటెంటేంది సార్, సర్టిఫికెట్ కోసమే కదా" అన్నాడు, నలుగురి ముందర. ప్రాణం కాపాడే వస్తువును పట్టుకుని అనాల్సిన మాటేనా అది?

3(ఎఫ్)కి జవాబు ఒక్కటే: భాగాలు విడివిడిగా కాదు, ఒకదాని మీద ఒకటి ఆధారపడి పనిచేస్తున్నాయని చూపించాలి. క్యాన్ తీసేస్తే మెట్టు చేతికందదు. నిచ్చెన లేకుంటే క్యాన్ మనిషిని గట్టుకు చేర్చదు. క్లెయిమ్‌ను ఇలా మార్చాం: మధ్య తాడు మీద జారే తేలుడు భాగం, నీటిమట్టం మారినప్పుడల్లా ఆ మట్టంలోని మెట్లను వాలు నుంచి ఎత్తి పట్టేలా అమర్చినది. అయితే మొదటి స్పెసిఫికేషన్‌లో లేని సంగతిని తర్వాత చేర్చనివ్వరు, సెక్షన్ 59 అడ్డొస్తుంది. ఈ వాక్యం, పక్కనుంచి చూపే బొమ్మ కంప్లీట్ స్పెసిఫికేషన్‌లో నేను పట్టుబట్టి పెట్టించినవి. మమ్మల్ని కాపాడింది అవే. వీడియో హియరింగులో ఆఫీసరు అడిగిందంతా ఆ బొమ్మ మీదే. హియరింగు అయ్యాక 15 రోజుల్లో రాతపూర్వక జవాబు పెట్టాలి, మరవొద్దు.

కాగితాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. అయినా మొదటి క్లెయిమ్ మీరే తెలుగులో రాసుకుని ఏజెంటు చేతికివ్వండి. దరఖాస్తు పడేవరకు ఏ కాలేజీ ఎగ్జిబిషన్‌లోనూ వస్తువు చూపించకండి. పేటెంట్ మంజూరై రిజిస్టరులో ఎక్కిన 3 నెలల్లోపు, మూడో ఏడాది నుంచి బాకీపడ్డ రెన్యువల్ ఫీజులన్నీ కట్టెయ్యాలి. ఆన్‌లైన్‌లో వ్యక్తికి ఆరో ఏడాది దాకా ఏటా 800.