రష్యా విప్లవం జవాబులో రాస్పుటిన్‌కు ఎంత చోటివ్వాలి?

హిస్టరీ ఆప్షనల్‌తో తెలుగు మీడియంలో సివిల్స్ మెయిన్స్ రాస్తున్నవాళ్ల కోసం ఇది. రష్యా విప్లవం చాప్టర్ నాకు కొట్టినపిండి అనుకునేదాన్ని, ఎందుకంటే చివరి జార్ (రష్యా చక్రవర్తి) కుటుంబానికి దగ్గరైన సాధువు రాస్పుటిన్ గురించి దొరికిందల్లా చదివాను. టెస్ట్ సిరీస్‌లో జార్ పాలన ఎందుకు కూలిందని అడిగితే సైబీరియా రైతుబిడ్డ రాస్పుటిన్ 1905లో రాజదంపతులకు పరిచయం కావడం, యువరాజు అలెక్సీకి హిమోఫిలియా (రక్తం గడ్డకట్టని జబ్బు), యూసుపోవ్ ప్యాలెస్‌లో హత్య, అన్నీ పూసగుచ్చినట్టు రాశాను. మార్కులు చాలా తక్కువ వచ్చాయి. పేపర్ దిద్దినాయన పక్కన ఎర్ర ఇంకుతో రొట్టెల క్యూలు ఏవని అడిగారు. ఆ రోజు ఏడ్చాను.

తర్వాత తేదీలు వరసగా రాసుకుంటే అర్థమైంది. రాస్పుటిన్‌ను చంపింది 1916 డిసెంబర్ 30న, జార్ రెండో నికోలస్ గద్దె దిగింది 1917 మార్చి 15న. రెండున్నర నెలలే. చంపినవాళ్లు రాజవంశాన్ని కాపాడాలనే చంపారు. అతనే అసలు కారణమైతే అతను పోయాక రాజ్యం కుదుటపడాలి కదా, పడలేదు. 1613 నుంచి ఉన్న రొమనోవ్ వంశం పోయింది.

అలాగని అతన్ని వదిలేయకూడదు. 1915లో జార్ స్వయంగా సైన్యాధిపతిగా వెళ్లిపోయాడు, రాజధానిలో పెత్తనం మహారాణి అలెగ్జాండ్రా చేతికి వచ్చింది, ఆమె రాస్పుటిన్ మాట వినేది, 1916 మొదట్లో ప్రధాని గోరెమికిన్ పోయి స్టూర్మర్, తర్వాత ట్రెపోవ్, ఆ తర్వాత గోలిట్సిన్, ఏడాదిలోనే ఇంతమంది ప్రధానులు మారారు. నన్ను బాగా కదిలించింది మాత్రం వేరే. పిల్లాడి జబ్బును రాజకుటుంబం రహస్యంగా ఉంచింది. దెబ్బ తగిలితే రక్తం ఆగని కొడుకు కోసం ఏ తల్లయినా ఎవరినైనా నమ్ముతుంది, కానీ అది జనానికి తెలియదు కాబట్టి ఆ రైతుకు రాజభవనంలో ఏం పని అని పుకార్లు పుట్టాయి, పైగా ఆమె పుట్టింది జర్మనీలో, యుద్ధమేమో జర్మనీతోనే. రాజకుటుంబం మీద గౌరవం అలా పోయింది. జవాబులో రాస్పుటిన్ చోటు ఇక్కడే, రెండు మూడు వాక్యాలు చాలు. మిగతా జాగా యుద్ధ నష్టాలకు, పెరిగిన ధరలకు, రైళ్లు సరిగ్గా నడవక రాజధాని పెట్రోగ్రాడ్‌కు తిండిగింజలు చేరక జనం రొట్టెల కోసం క్యూ కట్టడానికి, డ్యూమాను (రష్యా పార్లమెంటును) పక్కనపెట్టడానికి ఇవ్వండి.

తేదీల దగ్గర జాగ్రత్త. అప్పటి రష్యా క్యాలెండర్ 13 రోజులు వెనక ఉండేది, అందుకే జార్‌ను దించిన ఫిబ్రవరి విప్లవం మొదలైన రోజు మనకు మార్చి 8 అవుతుంది. జవాబంతా ఒకటే పద్ధతి పాటించండి.

ప్రాక్టీస్‌కి ఈ ప్రశ్న తీసుకోండి: 1905 విప్లవాన్ని తట్టుకున్న జార్ 1917లో ఎందుకు తట్టుకోలేకపోయాడు? మొదటిసారి సైన్యం చాలావరకు ఆయనవైపే ఉంది, రెండోసారి పెట్రోగ్రాడ్ సైనికులే జనంతో కలిశారు. అక్కడి నుంచి మొదలుపెట్టి, రాస్పుటిన్ పేరు ఒక్కసారికి మించకుండా రాసి చూడండి.