తెలిసిన నవ్వులు, చేతినిండా పని

మా ఇంట్లో ఈ చలికాలమంతా ‘అమృతం’ హాస్య ధారావాహికను మొదటి భాగం నుంచి వరుసగా మళ్ళీ పెట్టుకుంటున్నాము. యూట్యూబులో దొరుకుతోంది కాబట్టి ఒకప్పటిలా ఆదివారం రాత్రి దాకా ఎదురుచూడవలసిన పని లేదు. అయితే మా అమ్మ పెట్టిన నియమం ఒకటి ఉంది. సాయంత్రం ఎస్.వి.బి.సి. భక్తి చానల్లో తిరుమల నుంచి సహస్ర దీపాలంకరణ సేవ ప్రత్యక్ష ప్రసారం పూర్తయి, ఆమె టీవీకి దండం పెట్టుకుని లేచిన తరువాతనే మరొకటి పెట్టాలి. అప్పటికి రాత్రి వంట వేళ అవుతుంది. వంటగదికీ హాలుకూ మధ్య మా ఇంట్లో తలుపు లేదు. అందువల్ల పొయ్యి దగ్గర ఉన్నవారికి, వెనక వసారాలో గిన్నెలు తోముతున్నవారికి కూడా టీవీ మాటలు చక్కగా వినిపిస్తాయి. ఇలా సగం చూస్తూ, సగం వింటూ గడుపుతున్న ఈ సాయంత్రాల్లో నాకు ఒక సంగతి బలంగా తోచింది. ఇంటిల్లిపాదీ కలిసి ఆనందించవలసిన హాస్యం ముందుగా చెవికి అందాలి. చూపు చేతిలోని పని మీద ఉన్నా నవ్వు రావాలి. అటువంటి హాస్యం ఎన్నిసార్లు విన్నా పాతబడదని నా నమ్మకం.

‘అమృతం’ జెమిని టీవీలో 2001 నవంబరు 18న మొదలై 2007 నవంబరు దాకా ఆదివారాల్లో ప్రసారమయింది. మొత్తం 313 భాగాలు. నిర్మాత గుణ్ణం గంగరాజు గారు. కథలో పెద్ద మలుపులేమీ లేవు. ఒకరి కింద ఉద్యోగం చేయడం ఇష్టంలేని అమృతరావు, పక్కవాటాలో ఉండే స్నేహితుడు ఆంజనేయులు కలిసి అమృత విలాస్ అనే హోటలు పెట్టుకుంటారు. అద్దె కోసం నిలదీసే ఇంటి యజమాని అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం, ఈ మగవాళ్ళ ఉపాయాలను ముందే పసిగట్టే ఇల్లాళ్ళు సంజీవిని, శాంత. అమృతరావుకు ఒక ఆలోచన తడుతుంది, ఆంజనేయులు వద్దు వద్దంటూనే వెంట నడుస్తాడు, వ్యవహారం బెడిసికొడుతుంది, నింద ఆంజనేయులు నెత్తిన పడుతుంది. ఈ చట్రం చూసేవారికి మొదటే తెలిసిపోతుంది. తెలిసిపోయినందువల్ల ఆసక్తి తగ్గదు సరికదా, ఈసారి అంజి ఎలా ఇరుక్కుంటాడో వినాలన్న ఆత్రం పెరుగుతుంది.

అమృతరావు వేషాన్ని శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తరువాత ఒకరు వేశారు. ముగ్గురూ మూడు తీరుల నటులు. ఆంజనేయులుగా మాత్రం గుండు హనుమంతరావు గారే చివరి దాకా నిలబడ్డారు. కథానాయకుడి ముఖం మారినా ధారావాహిక చెక్కుచెదరలేదంటే అందుకు ప్రధాన కారణం ఆయనేనని, ఆయన గొంతేనని నేను అనుకుంటాను. ఈ మాట ఊరికే అనడం లేదు. అనపకాయల కాలంలో మా ఇంట్లో జరిగే పని వల్ల నాకు ఇది బాగా అర్థమయింది.

మా చిత్తూరు వైపు చలికాలం అంటే అనపకాయలు, చిక్కుడు జాతి కాయలు. వలిచిన గింజలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మరునాడు ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తొక్క వేళ్ళలో మిగిలి, లేత పచ్చని బద్ద జారి గిన్నెలో పడుతుంది. ఆ బద్దలతో చేసేదే పితికిన పప్పు. పట్టు కొంచెం తప్పితే గింజ చెంగున ఎగిరి టీవీ బల్ల కిందికి పోతుంది. నలుగురికి సరిపడా పప్పు పితకాలంటే ఇద్దరం కూర్చున్నా చాలాసేపు పడుతుంది, తల ఎత్తి తెర వైపు చూసే వీలు తక్కువ. ఆ పని చేస్తూ వింటున్నప్పుడే గుండు హనుమంతరావు గారి గొంతులోని పనితనం నాకు పూర్తిగా తెలిసింది. భయం, అలక, ఆశ, కోపం ఒకే వాక్యంలో ఒకదాని మీద ఒకటి పడి వస్తాయి. అమృతరావు ఏదో చెప్పి ఒప్పించబోతుంటే, మాట మొదలుపెట్టక ముందు ఆయన లాగే చిన్న ఊపిరి కూడా వినిపిస్తుంది. ఇంక ఒప్పుకోబోతున్నాడని ఆ ఊపిరితోనే తెలిసిపోతుంది. మా అమ్మ గింజ పితుకుతూ, తల ఎత్తకుండానే, “పాపం, ఆ అంజిగాణ్ణి మళ్ళా ఇరికించేసినాడు సూడు మే” అంటుంది. ఆమెకు తెరతో పని లేదు.

సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు రాయగా కల్యాణి మాలిక్ స్వరపరచిన శీర్షిక గీతం కూడా ఆంజనేయులును ఉద్దేశించి పాడినదే. ధారావాహికకు అమృతం పేరు పెట్టి, పాటను మాత్రం అంజిని ఓదార్చడానికి వాడుకున్నారు. కష్టాలు అందరికీ మామూలే, వాటికి అంతగా హైరాన పడవద్దని చెప్పే ఆ పాట అవసరం ఆ ఇద్దరిలో ఎవరికి ఎక్కువో రాసినవారికి బాగా తెలుసు.

మొదటిసారి ప్రసారమైన రోజుల్లో మేము తిరుపతిలోని కొర్లగుంటలో ఒక మిద్దె ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళము. అప్పుడు నాకు అమృతరావు ఆలోచనలే ముచ్చటగా ఉండేవి. ఎవరి కిందా పనిచేయకుండా తన కాళ్ళ మీద తాను నిలబడాలనే ఆ పట్టుదల మా వయసుకు నచ్చేది. ఇప్పుడు చూస్తుంటే నా మనసు సంజీవిని, శాంతల వైపు పోతోంది. భర్తలు తెచ్చిపెట్టిన చిక్కుల్లోంచి ఇంటిని బయటకు లాగేది వాళ్ళు. పాలవాడికి ఇవ్వవలసింది, బడి రుసుము, బియ్యం మూట, గ్యాసు బండ అన్నీ నెలాఖరులో కలిసి వచ్చినప్పుడు ఇంటి ఇల్లాలి మనసులో నడిచే లెక్క ఎలా ఉంటుందో అనుభవించిన తరువాత, ఆ పాత్రల విసుగులో ఉన్న ఓర్పు కూడా కనిపిస్తుంది. అప్పాజీ అద్దె కోసం తలుపు తట్టే ఘట్టాల్లో మేము ఆనాడు నవ్విన నవ్వులో కొంత మా సొంత భయం కూడా కలిసి ఉండేది. అద్దె ఇంట్లో బతికినవారికి ఆ తలుపు చప్పుడు తెలుసు. ఈ హాస్యం ఇన్నేళ్ళు నిలవడానికి అది కూడా ఒక కారణం. ఇందులో మనుషుల అవసరాలు చిన్నవి, డబ్బు చిన్నది, పరువు మాత్రం పెద్దది. మన ఇళ్ళు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

చూసినదాన్నే మళ్ళీ చూడటం ఎందుకని మా అమ్మాయి అడుగుతుంది. ఆమె తరానికి రోజూ ఒక కొత్త సిరీస్ వస్తోంది కాబట్టి ఆ ప్రశ్న సహజమే. కానీ మా జిల్లాలో పెరిగిన వారికి ఈ విషయంలో సందేహం రాకూడదు. మా అమ్మ పుట్టిల్లు నగరి దగ్గరి పల్లె. ఆ ప్రాంతంలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం అనే ఉత్సవం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవారేదాకా వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన కంబం ఎక్కడం, చివరి రోజు మట్టితో పెద్దగా చేసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర దుర్యోధన వధ. కథ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎవరు గెలుస్తారో తెలుసుకోవడానికి ఎవరూ అక్కడికి చాప చంకన పెట్టుకుని పోరు. ఈ ఏడు భీముడి వేషం ఎవరిది, గొంతు ఎలా ఉంది, హాస్యగాడు నిరుటి మాటకు ఈసారి ఏ కొత్త మెలిక పెట్టాడు అన్నదే వారికి కావలసింది. తెలిసిన చోట నవ్వడానికి ముందే సిద్ధపడి కూర్చోవడంలో ఒక నిశ్చింత ఉంది. మనుమడు పక్కన కూర్చుంటే, వాడు మొదటిసారి నవ్వుతున్నప్పుడు వాడి ముఖం చూడటంలో ఇంకొక ఆనందం ఉంది. ఇష్టమైన ధారావాహికను మళ్ళీ పెట్టుకోవడం కూడా అదే కోవలోనిదని మా అమ్మాయికి చెప్పాను.

నగరి, పుత్తూరు వైపు ఒకప్పుడు పొడవాటి గెడకు యాంటెన్నా కట్టి మద్రాసు దూరదర్శన్ పట్టుకునేవారు. మా అమ్మకు అరవం అలా ఇంకా బాగా అలవడింది. అందుకే ఇప్పటికీ మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఆమె తమిళ హాస్య దృశ్యాలు వేసే చానల్ పెట్టుకుంటుంది. గౌండమణి, సెంథిల్ జంట అంటే ఆమెకు ప్రాణం. 1989లో వచ్చిన ‘కరగాట్టక్కారన్’ సినిమాలో అరటిపండ్ల ఘట్టం మా ఇంట్లో ఎన్నిసార్లు మోగిందో చెప్పలేను. రూపాయి ఇచ్చి రెండు పండ్లు తెమ్మంటే, ఒకటి తినేసి ఒకటి తెచ్చి, రెండోది ఎక్కడని ఎన్నిసార్లు అడిగినా ఇదేనండీ ఆ రెండోది అని సెంథిల్ అదే జవాబు చెబుతాడు. ఆ ఘట్టంలో చూడవలసింది తక్కువ. అడిగేవాడి కోపం మెట్టు మెట్టుగా పెరగడం, చెప్పేవాడి గొంతు ఒకే మట్టంలో ఉండటం, అంతా మాటల తూకమే. తమిళం అంతగా రాని మా వారు కూడా ఆ తూకానికే నవ్వుతారు. ఆయనకు అర్థం చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

తెలుగులో ఈ మాటల తూకం తెలిసినవారిలో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారిని తలచుకోకుండా ఉండలేను. దూరదర్శన్‌లో ‘ఆనందో బ్రహ్మ’ వచ్చిన రోజుల్లోనే ఆయన గొంతు ఇంటింటికీ పరిచయం. నింపాదిగా, ఏమీ ఎరగనట్టు, పెద్దమనిషి తరహాలో ఆయన మాట్లాడుతుంటే ఎదుటివాడి ఆవేశమంతా నీరుగారిపోయేది. తరువాత సినిమాల్లో ఎన్ని పాత్రలు వేసినా ఆయనను తలచుకుంటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ చిన్న తెర మీది గొంతే. 2013లో ఆయన వెళ్ళిపోయారు.

కంటితో మాత్రమే చూడవలసిన హాస్యం మీద నాకు చిన్నచూపు లేదు. 1990లో ఇంగ్లండులో మొదలైన ‘మిస్టర్ బీన్’ను మా అమ్మాయి చిన్నప్పుడు చూసి చూసి అరగదీసింది. రోవన్ అట్కిన్‌సన్ దాదాపు మాటే లేకుండా నవ్విస్తాడు, అది మహా విద్య. కాకపోతే దాన్ని చూడాలంటే కత్తిపీట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చోవాలి. మా ఇంట్లో దానికి భోజనాల తరువాతి సమయం కేటాయించాము. నాకు ఇబ్బంది కలిగించేవి వేరు. తరువాతి కాలంలో వచ్చిన స్కిట్లలో కొన్ని ఎదుటివారి రంగునూ లావునూ పొట్టితనాన్నీ ఎత్తిచూపి నవ్వించబోతాయి. భార్యను హేళన చేయడమే హాస్యమని అనుకుంటాయి. వాటిలో ప్రతిభ గల నటులు చాలామంది ఉన్నారని ఒప్పుకుంటాను. కానీ అమ్మ, నేను, మా అమ్మాయి ఒకే గదిలో ఉన్నప్పుడు ముగ్గురిలో ఎవరో ఒకరు తల దించుకోవలసి వస్తే ఆ కార్యక్రమం ఇంటికి పనికిరాదు. ‘అమృతం’లో అంజి ఎన్ని దెబ్బలు తిన్నా, అతని మీద జాలి పోకుండా రాశారు. అందుకు చాలా శ్రద్ధ కావాలి.

2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ జీ5లో వచ్చింది. లాక్‌డౌన్‌తో అందరం ఇళ్ళలో ఉండిపోయిన రోజులు. హర్షవర్ధన్ మళ్ళీ అమృతరావుగా, ఎల్.బి. శ్రీరామ్ గారు ఆంజనేయులుగా వేశారు. శ్రీరామ్ గారు నాకు ఎంతో ఇష్టమైన నటులు, ఆయన హాస్యంలో ఆయనదైన ఆర్ద్రత ఉంటుంది. అయినా మా అమ్మ కొంతసేపు విని, “ఇది అంజి గొంతు కాదు” అని లేచి వెళ్ళి చెనక్కాయలు వేయించుకుంది. గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరిలోనే కన్నుమూశారని ఆమెకు అప్పుడు చెప్పవలసి వచ్చింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తెర మీద తప్ప ఎన్నడూ చూడని ఒక మనిషి కోసం మా ఇంట్లో అంత బాధపడటం నేను అంతకుముందు చూడలేదు. ఏళ్ళ తరబడి మన వంటింటిలో వినబడిన గొంతు మన బంధువు గొంతు అయిపోతుంది కాబోలు.

ఇప్పుడు మేము నరేష్ గారి భాగాల్లో ఉన్నాము. సంక్రాంతికి మా తమ్ముడి కుటుంబం చిత్తూరు నుంచి వస్తుంది. వాడి పిల్లలు ఈ ధారావాహికను చూడలేదు. మేము ఉన్న చోటి నుంచే వారిని కూడా కలుపుకుందామని నేను అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఆ ఇద్దరూ ఉద్యోగాలు ఎందుకు మానుకున్నారో, హోటలు ఎలా పెట్టారో తెలియకుండా అంజి ఏడుపుకు పిల్లలు ఎలా నవ్వుతారని ఆమె వాదన. కాబట్టి పండుగ నాటికి మళ్ళీ మొదటి భాగం నుంచి పెట్టాలి, పితకవలసిన అనపగింజలు కూడా ఎక్కువగానే నానబెట్టాలి.