గిల్టు నగ ఎక్కడ మోసమవుతుంది

మచిలీపట్నం చిలకలపూడి గిల్టు నగను మోసమంటే నేనొప్పుకోను. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ అది గిల్టని తెలుసు. పెళ్లిలో చూసి మెచ్చుకునేవాళ్లకీ చాలావరకు తెలుసు, పైకి అనరంతే. అదే నగ బంగారమని చెప్పి తాకట్టు కొట్టు బల్ల మీదికి చేరితే మాత్రం కథ వేరు.

‘వన్ గ్రామ్ గోల్డ్’ అంటే నగలో గ్రాము బంగారం ఉంటుందని కాదు. గ్రాము బంగారాన్ని ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పరిస్తే 500 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. చవక రకాల్లో పూత అంతకంటే చాలా పల్చన. రాగి లేదా ఇత్తడి నగను యాసిడ్‌తో శుభ్రంచేసి, బంగారు లవణం కలిపిన ద్రావణంలో వేలాడదీసి కరెంటు పంపుతారు. జిడ్డు మిగిలిన చోట పూత పొక్కి లేస్తుంది. వాడకంలో ముందు అరిగేది కొక్కెం, గాజు లోపలి అంచు. సెంటు కొట్టుకున్నాకే నగ పెట్టుకోవాలి, తీశాక చెమట తుడవాలి.

ఇక పరీక్షలు. అయస్కాంతాన్ని నమ్మొద్దు, ఇత్తడి కూడా దానికి అంటుకోదు. గీటురాయి మీద పైపైన గీస్తే పూతలోని బంగారమే గీత పడుతుంది. అందుకే తెలిసిన కంసాలి కనబడని చోట ఆకురాయితో కాస్త రాకి, అప్పుడు గీసి నైట్రిక్ యాసిడ్ చుక్క వేస్తాడు. ఇత్తడి గీతయితే కరిగిపోతుంది.

ఇంట్లో చేయదగ్గది నీళ్ల తూకం. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు కావాలి. ముందు నగను తూయండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నగను సన్నటి దారానికి కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా ముంచండి. 20 గ్రాముల గాజు 22 క్యారెట్లదైతే త్రాసు సుమారు 1.13 గ్రాములు చూపుతుంది (నగ పక్కకు నెట్టిన నీటి బరువన్నమాట), ఇత్తడిదైతే 2.35 దాకా. గాలి బుడగ అంటుకున్నా, లోపల లక్క ఉన్నా, రాళ్లు పొదిగినా లెక్క తప్పుతుంది. మేలిమి బంగారం లోపల టంగ్‌స్టన్ లోహం పెడితే ఈ తూకమూ పట్టుకోలేదు: దాని సాంద్రత 19.25, మేలిమి బంగారానిది 19.3. పైన పటారం లోన లొటారమని చెప్పడానికి అప్పుడు కోసి చూడాల్సి రావచ్చు.

కొత్త నగ కొంటే మూడు గుర్తులు చూడండి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కె916 (22 క్యారెట్లు, అంటే 91.6 శాతం బంగారం), అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ (ఆ నగ ఒక్కదానికే ఇచ్చే గుర్తింపు కోడ్). ఆ కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. చేతిలో గొలుసుండి, యాప్‌లో ఉంగరమని వస్తే ఆ నగ కొనకండి.