మచ్చ నాదా, మెషీన్‌దా

పొద్దున ఏడున్నరకే ఆస్పత్రి కింది అంతస్తులో కూర్చున్నాం, నేనూ మా ఆయనా. తెనాలి నుంచి రాత్రి బండికి హైదరాబాద్ వచ్చి, స్టేషన్‌లోనే మొహాలు కడుక్కుని నేరుగా వచ్చేశాం. నా మెడలో కుడిపక్క ఉసిరికాయంత గడ్డ. థైరాయిడ్ స్కాన్ చేయించుకు రమ్మని డాక్టరు గారు రాసిచ్చారు. తొమ్మిదయింది, పదయింది. స్కాన్ తీసే కుర్రాడు బయటికొచ్చి, "ఈరోజు చెయ్యలేమమ్మా, ఎల్లుండి రండి" అన్నాడు.

మా ఆయనకు కోపం ఆగలేదు. "లోపల మెషీన్ తిరుగుతూనే ఉంది కదా బాబూ, ఎందుకు చెయ్యవు?" అని గట్టిగానే అడిగారు. అతను ఎదురు మాట్లాడలేదు. మమ్మల్ని లోపలికి పిలిచి కంప్యూటర్ చూపించాడు.

తెరమీద నలుచదరంగా ఒక బొమ్మ. సన్న ఇసుక సమంగా చల్లినట్టు చుక్కలే చుక్కలు. మధ్యకి కాస్త పక్కగా ఒక్కచోట మాత్రం చుక్కలు లేవు, గుండ్రంగా ఖాళీ. "రోజూ పొద్దున్నే, ఎవర్నీ పడుకోబెట్టకముందే, కోబాల్ట్ పలకని కెమెరా కింద పెట్టి ఈ బొమ్మ తీస్తాం. పలక అంతటా ఒకే తీరుగా కిరణాలిస్తుంది కాబట్టి బొమ్మా అంతటా ఒకే తీరుగా రావాలి. ఇవాళ లోపల ఒక ట్యూబ్ పనిచెయ్యట్లేదు. మీ గడ్డ మందు పీల్చుకోకపోతే స్కాన్‌లో అచ్చం ఇలాగే కనబడుతుందమ్మా. అప్పుడు ఆ మచ్చ మీదా, మెషీన్‌దా అని నేనెలా చెప్పేది?"

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మా ఆయన ఇంకేమీ అనలేదు.

ఎక్స్‌రేలో కిరణాలు మెషీన్ నుంచి మనలోకి వస్తాయి. ఇక్కడ తిరగేసి ఉంటుంది. మందు మనలోకి ఎక్కిస్తే కిరణాలు మన ఒంట్లోంచి బయటికొస్తాయి, కెమెరా వాటిని పట్టుకుంటుంది. కెమెరా లోపల సోడియం అయొడైడ్ స్ఫటికం, దాదాపు ఒక సెంటీమీటరు మందాన. కిరణం తగిలినచోట కంటికి ఆనని మెరుపు పుడుతుంది. వెనకాల వరసగా పేర్చిన పదుల కొద్దీ ట్యూబులు ఆ మెరుపు ఎక్కడ పుట్టిందో లెక్కకడతాయి. 1950ల చివర్లో హాల్ యాంగర్ అనే ఆయన అమెరికాలో రూపొందించిన పద్ధతి ఇది. ఆ ట్యూబుల్లో ఒకటి పోతే బొమ్మలో అంతమేర గుడ్డిదవుతుంది.

ఎల్లుండి వెళ్ళాం. టెక్నీషియం అనే కిరణాల మందు ఇంజెక్షన్ చేసి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. "ఇదెంతకాలం ఒంట్లో ఉంటుంది?" అనడిగాను. ఆరు గంటలకోసారి సగమవుతూ పోతుందట, ఒకరోజు గడిస్తే ఉన్నా లేనట్టే. ప్రకృతి నుంచి ఏడాది పొడుగునా అందరికీ అందే రేడియేషన్ ఎంతో, నాకు ఆ ఒక్క స్కాన్‌కి దాదాపు అంత పడిందన్నమాట. బొమ్మలో థైరాయిడ్ ఎడమరెక్క నిండుగా వచ్చింది. కుడిరెక్క కింది సగం ఖాళీ. ఈసారి మచ్చ నాదే.

ఇలాంటి గడ్డల్లో ఎక్కువభాగం క్యాన్సర్ కావు. నాది అయింది. సూది పరీక్షలో పాపిల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. థైరాయిడ్ మొత్తం తీసేశారు. ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, బాగానే జరిగింది.

కష్టం ఆ తర్వాత మొదలైంది. మిగిలిన థైరాయిడ్ కణాలను చంపడానికి రేడియో అయొడిన్, అంటే కిరణాలిచ్చే అయొడిన్, ఇవ్వాలి. అవి దాన్ని ఆబగా లాక్కోవాలంటే ముందు నాలుగు వారాలు థైరాయిడ్ మాత్ర మానేయాలి, అయొడిన్ ఉప్పు, చేపలు, రొయ్యలు మానేయాలి. మే నెలలో తెనాలి ఎండల్లో నేను దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. మొహం ఉబ్బింది. గొంతు బొంగురుపోయి, ఫోనులో మా అమ్మే నన్ను గుర్తుపట్టలేదు. జడ వేస్తుంటే చెయ్యి మధ్యలో ఆగిపోయేది. పాపకి అప్పుడు నాలుగేళ్ళు. "అమ్మా, నీకు నిద్రొస్తోందా?" అని రోజుకు పదిసార్లు అడిగేది.

మందు ఇచ్చేరోజు ఫిజిసిస్టు గారు సీసపు డబ్బాలోంచి పటకారుతో సీసా తీసి ఒక బావిలాంటి పరికరంలో దించి కొలిచారు. నాకు రాసిన మోతాదు 100 మిల్లీక్యూరీలు. ఈ మందు, అయొడిన్ 131, ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది, నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు, ఇచ్చే ముందు కొలవాల్సిందే. ఆ కొలిచే పరికరం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి కిరణాలిచ్చే ఇంకో పదార్థం పెట్టుకుంటారు, సీజియం. అది సగమవడానికి ముప్ఫై ఏళ్ళు పడుతుంది గనక నిన్నా ఇవాళా ఒకే అంకె చూపాలి. ఈసారి నేనే అడిగాను, "ఇవాళ చూశారా అండీ?" అని. ఆయన రిజిస్టరు నావైపు తిప్పి, పొద్దున రాసిన వరస వేలితో చూపించారు.

తర్వాత మూడు రోజులు గదిలో ఒక్కదాన్నే. ఆ గది బాత్రూమ్ నీళ్ళు కూడా మామూలు కాలువలో కలవవు. వేరే ట్యాంకుల్లో నిలవపెట్టి, తీవ్రత తగ్గాకే వదులుతారు. నర్సు భోజనం గుమ్మంలో పెట్టి అక్కణ్ణించే పలకరించేది. ఆమె ఛాతీమీద చిన్న బ్యాడ్జి. వాళ్ళమీద ఎంత పడిందో అది పట్టి చూస్తుంది. ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు, ఏ ఒక్క ఏడూ 30 మించకూడదు. నాది ఒక్కసారితో అయిపోయేది, ఆమె రోజూ ఇదే పని. అందుకే ఆమె దూరంగా నిలబడితే నాకు చిన్నతనం అనిపించలేదు. రోజూ మీటరు దూరం నుంచి ఒక పరికరం నావైపు చూపి అంకె చదివేవాళ్ళు. మొదటిరోజు 190, మూడోరోజు 28. ఆ అంకె తగ్గుతుంటే పాప దగ్గరవుతున్నట్టుండేది.

ఇంటికి వెళ్ళేముందు ఒళ్ళంతా స్కాన్. అదే కుర్రాడు. మెడ దగ్గర నక్షత్రంలా మెరుపు, మిగిలిన కణాలు మందు తీసుకున్నాయని గుర్తు. దానికి కింద, ఎడమ రొమ్ము పక్కన మరో చుక్క. అతను కాసేపు తెరవైపే చూశాడు. నేను అతని మొహం చూస్తున్నాను. ఊపిరితిత్తులకి పాకిందేమో అని గుండె దడదడలాడింది.

"అమ్మా, లోపల ఏమైనా పెట్టుకున్నారా?"

చేతిరుమాలు. ఉమ్మి గ్రంథులు దెబ్బతినకుండా నిమ్మబిళ్ళలు చప్పరించమన్నారు. చప్పరించి, పెదాలు తుడుచుకున్న రుమాలు జాకెట్లో దోపుకున్నాను. ఉమ్మిలోనూ అయొడిన్ ఉంటుంది.

స్నానం చేసి ఆస్పత్రి గౌను వేసుకుని మళ్ళీ పడుకున్నాను. ముందు నుంచి తీశాడు, పక్క నుంచీ తీశాడు. చుక్క లేదు. రుమాలును కవర్లో వేసి, తేదీ రాసి, సీసపు పెట్టెలో పెట్టాడు. ఆ బొమ్మ అలాగే డాక్టరు చేతికి పోయుంటే ఇంకెన్ని పరీక్షలు, ఇంకెంత మందు, మా ఇంట్లో ఎన్ని రాత్రులు!

పాపని ముట్టుకోకుండా ఇంకొన్నాళ్ళు మా అమ్మ ఇంట్లో ఉంచాం. వచ్చినరోజు నా మెడమీద గీత వేలితో తడిమి, "నొప్పా?" అంది. లేదన్నాను. ఆ రాత్రి నా చెయ్యి పట్టుకునే పడుకుంది.

ఆరునెలలకి మళ్ళీ వెళ్ళాం, మిగిలిందేమైనా ఉందేమో చూడ్డానికి. ఏడున్నరకే చేరాం. తలుపు ఓరగా తీసి ఉంది. అతను కోబాల్ట్ పలక పెట్టి తెర ముందు నిలబడి ఉన్నాడు. మా ఆయన గడియారం చూసుకోలేదు. ఇసుక చల్లినట్టు చుక్కలు ఒక్కొక్కటే నిండుతున్నాయి, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఎక్కడా ఖాళీ లేకుండా. అతను రిజిస్టర్లో సంతకం పెట్టి, నా పేరు పిలిచాడు.