కడగకూడని సీసా: నీటి పరీక్షల ఇంటర్న్‌షిప్‌లో నా అనుభవం

తిరుపతిలో పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసిన వేసవిలో, తాగునీటిని పరీక్షించే ఒక ప్రయోగశాలలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాను. విభాగాధిపతి లేఖ, మార్కుల జాబితా నకళ్లు, భత్యం అడగనని రాసిచ్చిన హామీపత్రం చేతులు మారి అనుమతి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. మొదటి వారమంతా పాత రిజిస్టర్లలోని అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించడంతోనే గడిచింది. అప్పుడది వెట్టిచాకిరీగా తోచింది గాని, మన దేశపు తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చుననీ, వేరే నీటివనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారనీ, నైట్రేట్ 45 దాటితే మాత్రం సడలింపే లేదనీ ఆ అంకెల మధ్య తిరుగుతూనే నాకు కంఠస్థమైంది.

రెండో వారంలో చంద్రగిరి, రామచంద్రాపురం మండలాల ఊళ్లకు నమూనాల కోసం వెళ్లాం. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించిన ప్రాంతమది. అదే నేల మీద మే నెలలో మోటారు వేస్తే కాసేపటికే బోరులోంచి నీళ్లకు బదులు గాలి వస్తుంది. కింద ఉన్నది గట్టి రాయి కావడంతో, పైనున్న శిథిలమైన పొరలోనూ రాతి పగుళ్లలోనూ తప్ప నీరు నిలవడానికి చోటు లేదు. లోతైన పగుళ్లలో ఏళ్ల తరబడి రాతిని అంటిపెట్టుకున్న నీటిలోకి ఫ్లోరైడ్ కరుగుతూ చేరుతుంది.

నేను చేసిన మొదటి తప్పు సీసాల దగ్గర జరిగింది. రసాయన పరీక్షకు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు కడిగి, నిండా పట్టాలి. సూక్ష్మజీవుల పరీక్షకు ఇచ్చే సీసా ముందే శుద్ధిచేసి ఉంటుంది కాబట్టి దాన్ని కడగకూడదు, మూత లోపలి వైపు వేలు తగలనివ్వకూడదు, పైన కొంత ఖాళీ వదలాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ పనిచేయకుండా చేయడానికి అందులో కాస్త థయోసల్ఫేట్ కూడా వేసి ఉంటుంది. నేను శుభ్రతకు పేరు తెచ్చుకోవాలని ఆ సీసాలను కూడా శ్రద్ధగా మూడేసి సార్లు కడిగాను. సాయంత్రం ఐస్ పెట్టె తెరిచిన సీనియర్ కెమిస్టు సంగతి తెలుసుకుని, కోపగించుకోకుండా, ఆ ఆరు సీసాలనూ నా చేతనే తొట్టిలో పారబోయించారు. మర్నాడు నలభై కిలోమీటర్లు మళ్లీ తిరిగాం. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

ప్రయోగశాలలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పే కాఠిన్య పరీక్ష. సూచిక అనే రంగు మందు వేసిన నీరు ద్రాక్షరసం ఎరుపులో ఉంటుంది, ఆ లవణాలను పట్టుకునే ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతుంటే నీలంగా మారుతుంది. సరిగ్గా మారిన చుక్క దగ్గర ఆపాలి. ఇంకో నాలుగు చుక్కలు ఎక్కువ పడినా నీలం నీలంగానే ఉంటుంది కనుక ఆ తప్పును రంగు బయటపెట్టదు. అందుకే ఒకే నమూనాకు మూడుసార్లు చేయించేవారు. ఫ్లోరైడ్ పరీక్ష తీరు వేరు. అక్కడ ఎర్రని రంగుద్రావణం ఫ్లోరైడ్ ఉన్న కొద్దీ వెలిసిపోతుంది, ఆ వెలిసిపోవడాన్ని యంత్రం కొలుస్తుంది.

ఒక ఊరి బోరులో ఫ్లోరైడ్ 1.5 దాటిందని తేలినప్పుడు, ఫలితం చెప్పడానికి వెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. బోరు పక్కింటి అవ్వ, "కాగబెట్టి తాగితే పోతాది గదా పాపా?" అని అడిగింది. "పోదవ్వా, నీళ్లు ఆవిరైపోయి అది ఇంకా చిక్కబడుతుంది" అన్నాను. క్రిములను చంపడానికి మనమే చెప్పే ఉపాయం ఇక్కడ ఎదురు తిరుగుతుందని ఆమెకు వివరించడానికి, పరీక్ష చేయడానికి పట్టినంత సేపు పట్టింది. అంతా విని, తాగడానికి క్యాను నీళ్లే కొంటున్నామనీ, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతోనే వండుతామనీ చెప్పింది.

నివేదికలో నేను "నీరు కలుషితమైనది" అని రాసిన ప్రతిచోటా పర్యవేక్షకురాలు ఎర్రగీత గీసి, ఏ బోరు, ఏ తేదీ, మోటారు వేసిన ఎన్ని నిమిషాలకు పట్టిన నీరు అని పక్కన రాశారు. మొదట విసుగు కలిగినా, బోరు గొట్టంలో రాత్రంతా నిలిచిన నీటిని పట్టి ఊరి నీరు ఇదని రాయడం ఎంత తప్పో ఆ గీతలే నేర్పాయి. ఆమె కొట్టేయని వాక్యం ఒక్కటి ఉంది. మా సర్వే ఫారంలో "తాగే నీరు ఎక్కడిది" అన్న గడి తప్ప వంట నీటికి గడి లేదని, దాన్ని చేర్చాలని చివరి పేజీలో రాశాను. ఇంటర్న్‌షిప్ ముగిసే వారం అచ్చయి వచ్చిన కొత్త ఫారాలలో ఆ గడి లేదు. మిగిలిన రెండు ఊళ్లకు ఫారం అంచున పెన్నుతో గీత గీసి, ఆ ప్రశ్న కూడా అడిగి నింపుకొచ్చాం.